కదలని డెబ్బై ఒకటి

మా రంగుల షెడ్డులో ఆయన్ని అందరూ ఊఁ బాబాయ్ అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే ఆవిరి వాల్వు పక్కన నిలబడిన మనిషికి తోటివాళ్ళు పెట్టిన పేరు అది. ఆయన గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు షెడ్డులో పదిమంది ఉన్నారు. కానీ ఆయనకు జరిగింది ఏమిటో మొదటి నుంచి చివరిదాకా తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే. చేసినవాణ్ణి కూడా నేనే కాబట్టి.

మా దగ్గర నూలు చిలపలకు, అంటే చుట్టలుగా చుట్టిన నూలుకు, రంగు వేస్తారు. చిలపలను రంగునీళ్ళ తొట్టిలో వేలాడదీసి, నీళ్ళను నెమ్మదిగా కాచాలి. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున ఎనభై అయిదు దాకా తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టాలి. తొందరపడితే రంగు ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా పట్టి నూలంతా చారలు పడుతుంది. ఆ నూలు ఇక దేనికీ పనికిరాదు. నీళ్ళను కాచేది గొట్టంలో వచ్చే ఆవిరి. షెడ్డును పెంచినప్పుడు తొట్టిని అవతలి గదిలోకి మార్చారు గానీ, వాల్వును పాతచోటే వదిలేశారు. దాంతో థర్మామీటరు చూసేవాడికి వాల్వు అందదు. వాల్వు తిప్పేవాడికి థర్మామీటరు కనపడదు. మధ్యలో ఒక గోడ, తలుపు లేని ఒక గుమ్మం, నలభై అడుగుల నడవ, చెవులు చిల్లులు పడే మోత.

తొట్టి దగ్గర ఉండేవాడి పేరు మైకు. ఆ గొంతుకు ఇంకో పేరు పెట్టడం ఎవరివల్లా కాలేదు. అతను థర్మామీటరు చూసి "అరవై ఎనిమిదీ!" అని కేక వేస్తాడు. ఇవతల బాబాయ్ "ఊఁ!" అంటాడు. పిల్లలకు కథ చెబితే ఊ కొడతారే, అలాగే. ఆ ఊఁ వినిపించకపోతే మైకు మళ్ళీ అరుస్తాడు. అదీ పద్ధతి. ఇంకో సగం కూడా ఉంది. మైకు కేక వినపడకపోతే బాబాయ్ మనసులో ఇరవై లెక్కపెడతాడు. అప్పటికీ రాకపోతే వాల్వు చక్రాన్ని అరపావు చుట్టు మూస్తాడు. ఇంకో ఇరవై, ఇంకో అరపావు. కేక వచ్చేదాకా అలా మూస్తూ పోతాడు. వచ్చాక అంకె విని, మళ్ళీ నిదానంగా తెరుస్తాడు.

"మా బావ ఊఁ అంటేనే నాకు అన్నం సయిస్తుంది," అనేవాడు మైకు. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు.

"నీ కేక విని మా ఆవిడ ఇంట్లో స్టవ్ ఆపేస్తోందిరా, కాస్త తగ్గించు," అనేవాడు బాబాయ్.

నేను ఈ షెడ్డులో మీటర్లు, మోటార్లు బాగుచేసే మెకానిక్కుని. కాలేజీ గుమ్మం తొక్కలేదు. తెలిసినదంతా పాత పుస్తకాల కొట్లో కొన్న పుస్తకాలు చదివి, పక్కన డిక్షనరీ పెట్టుకుని కూడబలుక్కున్నదే. ఆ సంగతి నాలో పుండులా ఉండేది. డిగ్రీ ఉన్న ప్రతివాడి మీదా ఒక మంట, డిగ్రీ లేకుండా చదువు లేకుండా హాయిగా బతికేవాళ్ళ మీద ఇంకో మంట. బాబాయ్ రెండో జాతి. ఆయన ఊఁ వినపడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మనుషులు గాలిలో కబుర్లు పంపి యంత్రాలు నడుపుతున్న రోజుల్లో వీళ్ళింకా గోడకు అటూ ఇటూ నిలబడి కథలు చెప్పుకుంటున్నారు అనుకునేవాణ్ణి. మేనేజరు గారి దగ్గర ఆ మాట పైకే అన్నాను. వైర్‌లెస్ పెట్టె తెప్పించమన్నాను. ఆయన తెప్పించారు.

తొట్టి మీద బ్యాటరీతో నడిచే చిన్న థర్మామీటరు, దానికి వేలెడంత యాంటెనా. రెండు సెకన్లకొకసారి అది వేడిని చెబుతుంది. వాల్వు పక్కన గోడకు బిగించిన పెట్టె ఆ కబురు విని, మోటారుతో చక్రాన్ని తిప్పుతుంది. మైకును చిలపలు కడిగే తొట్ల దగ్గరకు పంపేశారు. బాబాయ్‌ని మాత్రం, ఎందుకైనా మంచిదని, వాల్వు పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆయన తలపైన గోడకు నేనొక కాగితం అంటించాను: పెట్టె నడుస్తుండగా చక్రాన్ని చేత్తో ముట్టుకోరాదు.

ఆయన ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివాడు. "అంటే నేను ఇక్కడ దేనికిరా అబ్బాయ్, దిష్టిబొమ్మలాగా?"

"చూస్తూ ఉండు బాబాయ్. పని మిషను చేస్తుంది."

"మరి దానికి వినపడకపోతే?"

"దానికి నీలాగ చెవులు కాదు బాబాయ్, యాంటెనా ఉంది."

ఆయన నవ్వాడు. ఆ మధ్యాహ్నం నేను పెట్టె సెట్టింగులు చూసుకుంటూ ఉంటే పక్కన కూర్చుని ఆయన ఏదో చెప్పుకొచ్చాడు. నేను తెర మీంచి కళ్ళు తీయకుండా ఊఁ, ఊఁ అంటూ పోయాను. చెవిలో పడ్డవి ముక్కలు. వాళ్ళ అన్నగారు, ఇదే తొట్టి, అరవై నాలుగు, కాళ్ళు. చివర్లో ఒక్క వాక్యం మాత్రం మొత్తం వినపడింది. "విన్న చివరి మాట నిజం అనుకోకూడదురా. అది పాత మాట." నేను దానికి కూడా ఊఁ అన్నాను.

ఇక పెట్టె సంగతి. తొట్టి గదిలో ఇనప బండ్లు తిరుగుతూ ఉంటాయి. వాటి నిండా తడి నూలు. బండి అడ్డం వచ్చినప్పుడు కబురు తెగిపోయేది. ముప్పై సెకన్లు కబురు రాకపోతే వాల్వును మూసేసి గంట కొట్టేలా తయారుచేసినవాళ్ళు దాన్ని అమర్చారు. మొదటి వారంలో రోజుకు పదిసార్లు గంట మోగింది. పదిసార్లూ పని ఆగింది. మేనేజరు గారు నన్ను పిలిచి, "నీ మిషను కంటే ఆ మైకుగాడి గొంతే నయం కదయ్యా," అన్నారు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఆ సాయంత్రమే నా లావుపాటి పుస్తకం తీశాను. నడిపే బుర్ర ఒకచోట, నడిచే యంత్రం ఒకచోట ఉండి, మధ్యలో కబురు గాలిలో పోతూ అప్పుడప్పుడు తప్పిపోతే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు అందులో ఒక అధ్యాయమే ఉంది. కబురు తప్పినప్పుడు రెండు దారులు. ఒకటి, ఆఖరున వచ్చిన అంకెనే పట్టుకుని పని సాగించడం. రెండోది, తెలియనప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవడం. కబుర్లు ఒకటీ అరా తప్పితే మొదటి దారిలో పని సాఫీగా సాగుతుందని రాసి ఉంది. నాకు కావలసింది దొరికింది. పుస్తకం మూసేశాను. కబుర్లు ఒకటీ అరా కాకుండా గుంపుగా, వరసగా తప్పిపోతే ఆ దారే యంత్రాన్ని పట్టు తప్పిస్తుందని తర్వాతి పేజీలో ఉంది. ఆ పేజీ చిరిగిపోలేదు. చెద పట్టలేదు. నేనే తిప్పలేదు.

మర్నాడు పొద్దున పెట్టెలో రెండు సంగతులు మార్చాను. కబురు రాకపోతే ఆఖరి అంకెనే పట్టుకోవాలి. గంట ముప్పై సెకన్లకు కాదు, పది నిమిషాలకు మోగాలి. ఎవరికీ చెప్పలేదు. గంట మోగడం మానేసింది. మేనేజరు గారు భుజం తట్టారు. నేను పొంగిపోయాను.

పన్నెండు రోజుల తర్వాత జరిగింది. భోజనాల గంట కొట్టగానే ఎవరో తడి నూలు బండిని థర్మామీటరుకూ గుమ్మానికీ మధ్య సరిగ్గా అడ్డంగా వదిలేసి తినడానికి వెళ్ళిపోయారు. ఆ సమయానికి నీళ్ళ వేడి డెబ్బై ఒకటి. కబురు తెగింది. పెట్టె తెర మీద డెబ్బై ఒకటి అలాగే నిలిచిపోయింది. నిమిషం గడిస్తే డెబ్బై రెండు కావాలి, కాలేదు. రెండు నిమిషాలు, అప్పుడూ డెబ్బై ఒకటే. నీళ్ళు వెనకబడ్డాయనుకుని పెట్టె వాల్వును ఇంకాస్త తెరిచింది. అయినా అంకె కదల్లేదు. మరికాస్త తెరిచింది. గోడకు అవతల నీళ్ళు కుతకుతలాడుతున్నాయి.

స్టూలు మీద ఒక్కడే ఉన్న బాబాయ్ లేచి చక్రాన్ని పట్టుకుని చేత్తో మూసేశాడు. పరిగెత్తుకెళ్ళి బండిని పక్కకు నెట్టాడు. అప్పుడు కబురు వచ్చింది. తొంభై నాలుగు. ఆ తొట్టిలోని నూలంతా చారలు పడి పాడైపోయింది.

పెట్టె తన లెక్కను కాగితం మీద గీసి ఇస్తుంది. కబురు లేనిచోట ఖాళీ వదలదు, పట్టుకున్న అంకెనే గీస్తుంది. అది నేను పెట్టిన సెట్టింగే. అందువల్ల కాగితం చూసినవాళ్ళకు కనపడేది ఇది: డెబ్బై ఒకటి దగ్గర తిన్నని గీత. తర్వాత ఒక గుర్తు, చేత్తో ముట్టుకున్నారు అని. తెరిచారో మూశారో ఆ గుర్తు చెప్పదు. ఆ వెంటనే తొంభై నాలుగు. అంటే, అంతా బాగానే ఉండగా ముసలాయన చెయ్యి పెట్టి పాడు చేశాడని.

మేనేజరు గారు ఆ కాగితం పట్టుకుని వాల్వు దగ్గరకు వచ్చారు. భోజనాలు ముగించి వచ్చినవాళ్ళంతా చుట్టూ ఉన్నారు.

"ముట్టుకోవద్దని ఇంత కాగితం అంటిస్తే కూడా చక్రం ఎందుకు తిప్పావయ్యా?"

"సార్, ఆ అంకె చచ్చిపోయింది సార్. గొట్టం చప్పుడు మారింది."

"అంకె చావడమేంటి?"

"నాకు ఇంగ్లీషులో చెప్పడం రాదు సార్. అబ్బాయిని అడగండి. పెట్టె సంగతి వాడికి తెలుసు."

అందరూ నా వైపు తిరిగారు. బాబాయ్ మొహంలో కంగారు లేదు. అసలైన సాక్షిని చూపించిన మనిషికి ఉండే నిబ్బరం ఉంది. మేనేజరు గారు కాగితం మీద వేలు పెట్టి, "ఇది చేత్తో తిప్పడం వల్లే కదా?" అని అడిగారు.

నేను ఊఁ అన్నాను.

ఇంకేమీ అనలేదు. అబద్ధమైనా పూర్తిగా ఆడలేదు. ఒక్క అక్షరం. ఇన్నేళ్ళూ ఆయన ఏ అక్షరంతో మనుషులను కాపాడాడో, అదే అక్షరంతో ఆయన్ని ముంచాను. బాబాయ్ నా వంక ఒక క్షణం చూసి, మెడలోని తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల ఒక తొట్టి నూలు పాడైంది, అందుచేత అతన్ని గోడౌనుకు మార్చడమైనది అని. గోడౌనులో పని అంటే చిలపల మూటలకు చీటీలు అతికించడం.

భయపడ్డ దొంగలు దొంగసొత్తునైనా వదిలేస్తారు. నేను అది కూడా చేయలేదు. పుస్తకంలో ఆ తర్వాతి పేజీ అప్పుడు చదివాను. చదివి, పెట్టెను మళ్ళీ మార్చాను. కబురు రాకపోతే ఇరవై సెకన్లకొకసారి వాల్వు అరపావు మూసుకోవాలి. వచ్చాక నెమ్మదిగా తెరుచుకోవాలి. తెగిపోయినచోట కాగితం మీద గీత కూడా తెగిపోవాలి. అప్పటినుంచి ఒక్క తొట్టి పాడవలేదు. పని ఆగలేదు, గంటా మోగలేదు. మేనేజరు గారు ఇంకో షెడ్డువాళ్ళను తీసుకొచ్చి చూపించారు. "మా కుర్రాడి బుర్ర. కాలేజీ మొహం కూడా చూడలేదు," అని. నేను తలవంచుకుని నిలబడ్డాను. వాళ్ళు అది వినయం అనుకున్నారు.

పసిగట్టినవాడు మైకు ఒక్కడే. ఒకరోజు కడిగిన చిలపలు మోసుకెళుతూ వాల్వు దగ్గర ఆగాడు. సరిగ్గా అప్పుడే బండి ఏదో అడ్డం వచ్చినట్టుంది, మోటారు చక్రాన్ని అరపావు మూసింది. కాసేపాగి ఇంకో అరపావు. మైకు పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

"ఏరా, మీ మిషనుకి మా బావ పూనాడా?"

"అదేం లేదు. సెట్టింగు."

"సెట్టింగు!" ఆ గొంతుతో ఆ మాట అంటే నడవలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. "మనిషిని గోడౌనులో పడేసి, ఆయన చేతి ఒడుపు పెట్టెలో పెట్టుకున్నావే! ఒరేయ్, ఆయన్నే కూర్చోబెడితే పోయేదిగా, కరెంటైనా మిగిలేది."

నలుగురు నవ్వారు. వాళ్ళకు సగమే అర్థమైంది. నాకు మొత్తం అర్థమైంది. ఆ వారం సెలవురోజున బాబాయ్ ఇంటికి వెళ్ళాను.

రెండో అంతస్తులో రెండు గదులు. తలుపు తీసే ఉంది. మంచం చట్రం గది మధ్యలో నిలబెట్టి ఆలుమగలిద్దరూ కొత్త నవారు బిగిస్తున్నారు. ఆవిడ ఒక కొస లాగి పట్టుకుంటే ఆయన ఇవతల అల్లుతున్నాడు.

"రా, రా. మంచి సమయానికి వచ్చావు," అంది పిన్ని. "ఈ కొస పట్టుకో బాబూ. నా చేతులు లాగేస్తున్నాయి. గట్టిగా లాగు, వదిలావంటే రాత్రికి నేలమీద పడుకోవాలి మేము."

పట్టుకున్నాను. నవారు లాగి పట్టుకునే, వంకరటింకరగా చెప్పేశాను. గంటను పది నిమిషాలకు మార్చింది నేనేనని, అంకెను పట్టుకోమన్నది నేనేనని, కాగితం మీద గీత అబద్ధమని, నాకది ఆరోజే తెలుసునని.

బాబాయ్ అల్లడం ఆపలేదు. "తెలుసురా."

"తెలుసా?"

"ఆరు నిమిషాలు దాని ఎదురుగా కూర్చున్నవాణ్ణి. తెలియదూ? మొదటి నిమిషంలోనే మూసేవాణ్ణి. ముట్టుకోవద్దని నువ్వు అంటించావుగా. చదువుకున్నవాడు రాశాడు, ఏదో కారణం ఉంటుందిలే అని ఓపిక పట్టాను. ఆ కాస్త ఆలస్యం మాత్రం నాదే."

"మరి మళ్ళీ మేనేజరు గారికి చెప్పలేదేం బాబాయ్?"

"అడగాల్సినవాణ్ణి అడగమన్నాను కదరా. అడిగారుగా."

నవారు నా చేతిలోంచి జారింది. పిన్ని గబుక్కున అందుకుంది. ఇందాకటి నవ్వు ఆవిడ మొహంలో లేదు.

"ఈయన నీకు వాళ్ళ అన్నగారి సంగతి చెప్పారా?" అంది.

చెప్పాడు. నేనే వినలేదు. అది కూడా ఒప్పుకున్నాను. అప్పుడు ఆవిడ మొత్తం చెప్పింది. పాతికేళ్ళ కిందట తొట్టి దగ్గర కేక వేసేది అన్నగారే. ఒకరోజు అరవై నాలుగు అని అరిచాక కళ్ళు తిరిగి తొట్టి పక్కన పడిపోయాడు. ఇవతల తమ్ముడికి ఆ తర్వాత కేక వినపడలేదు. ఆఖరున విన్నది అరవై నాలుగు, ఇంకా చాలా కాగాలి కదా అని వాల్వును అలాగే ఉంచాడు. తొట్టి పొంగి మరిగే నీళ్ళు అన్నగారి కాళ్ళ మీద పడ్డాయి. ప్రాణం దక్కింది గానీ ఆయన ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు. ఇరవై లెక్కపెట్టడం, అరపావు మూయడం ఆ మర్నాటి నుంచి మొదలైంది.

"నోటీసు సంగతి ఆయన దాకా వెళ్ళింది," అంది పిన్ని. "ఫోను చేసి ఏమన్నారో తెలుసా? 'మళ్ళీనా?' అన్నారు. అంతే. ఈయన ఫోను పెట్టేసి ఆ పూట అన్నం ముట్టలేదు."

"ఊరుకో," అన్నాడు బాబాయ్.

"ఎందుకు ఊరుకోవాలి? పాతికేళ్ళు ఒక తప్పు దిద్దుకున్న మనిషి మీద అదే తప్పు మళ్ళీ అతికించారు. వినని వాడికి వినిపించొద్దూ?"

నేను నేల చూస్తూ క్షమించమన్నాను. ఆయన ముడి బిగించి, చట్రాన్ని చేత్తో కొట్టి చూసుకున్నాడు.

"నాకు చెబితే ఏం లాభంరా? నాకు తెలుసుగా. తెలియనివాళ్ళకి చెప్పు."

మర్నాడు పని మొదలుకాకముందే మేనేజరు గారి గదికి వెళ్ళాను. పుస్తకం, పాత సెట్టింగుల కాగితం బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత మాట్లాడింది నా గురించి కాదు, తన గురించి. "ఇప్పుడు నన్నేం చేయమంటావు? నేను సంతకం పెట్టిన నోటీసు నేనే చింపుకోవాలా? అయిపోయిందేదో అయిపోయింది. నిన్ను సూపర్‌వైజర్ని చేద్దామనుకుంటున్నాను, తెలుసా?"

ఆశ కలగలేదని చెబితే అబద్ధం. ఒక క్షణం కలిగింది. ఆ క్షణం కూడా ఇక్కడ రాయాలి. "ఆయన అన్నగారు కర్ర లేకుండా నడవలేరండీ," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాకు సరిగ్గా చెప్పడం చేతకాలేదు. మొదటినుంచి మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయన కుర్చీలో ముందుకు వంగి విన్నారు.

చివరికి, "నువ్వే రాయి. కింద నేను సంతకం పెడతాను. పెట్టె మాత్రం ఇక నీ చేతిలో ఉండదు," అన్నారు.

రాశాను. పాత నోటీసు తీసేసి, దాని స్థానంలో అంటించాను. తప్పు ఎవరిదో, ఏ సెట్టింగు ఎవరు మార్చారో, చక్రం మూసిన మనిషి పాడు చేయలేదని, ఇంకా పెద్ద ప్రమాదం తప్పించాడని, ఇప్పుడు పెట్టె నడుస్తున్న పద్ధతి ఆయన పద్ధతేనని. మూడంగుళాల చీటీలో పట్టేలా రాశాను. ఎందుకంత చిన్న చీటీ ఎంచుకున్నానో అప్పుడు ఆలోచించలేదు.

షిఫ్టు మారే వేళ బాబాయ్ గోడౌను నుంచి వచ్చాడు. చేతులకు చీటీల జిగురు. బోర్డు ముందు నిలబడి, మెడ ముందుకు సాచి, ఒక్కో మాటా చదివాడు. చదవడం అయ్యాక మళ్ళీ మొదటికి వెళ్ళాడు. వెనక మైకు, కడుగు తొట్లవాళ్ళు, బండ్లు నెట్టేవాళ్ళు గుమిగూడారు.

"ఏం రాసుందిరా? చీమలు పాకినట్టుంది," అన్నాడు మైకు.

బాబాయ్ నా వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు. దయ ఉందని కూడా అనుకోను.

"మా అన్నకి ఫొటో తీసి పంపాలి. ఆయనకి చూపు ఆనదు. పెద్దగా రాయి."

స్టోరులోంచి అట్టపెట్టె ఒకటి తెచ్చి దాన్ని విప్పి, మూటల మీద అంకెలు వేసే లావుపాటి బ్రష్షుతో అక్కడే నేలమీద కూర్చుని రాశాను. షిఫ్టు దిగిన వాళ్ళెవరూ ఇంటికి వెళ్ళలేదు. నేను రాస్తున్న ప్రతి మాటా వాళ్ళు పైకి చదువుతున్నారు. చివర నా పేరు దగ్గరకు వచ్చేసరికి చోటు తగ్గింది. మూలకు ఇరికించబోయాను.

"ఉండు," అన్నాడు బాబాయ్. వంగి, అట్టను నెమ్మదిగా తన వైపు తిప్పుకుని, పైన ఖాళీగా ఉన్న చోటు వేలితో చూపించాడు.

"ఇక్కడ రాయి. అది కూడా అంతే పెద్దగా."